స్మార్ట్‌వాచ్‌లో ఏఫిబ్ అలర్ట్ వచ్చిందా? వాచ్‌కి కనిపించేది ఎంత, కనిపించనిది ఎంత

గత దసరాకి హన్మకొండ వెళ్లినప్పుడు, ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయిందని నాన్న అంటే క్లీన్ చేస్తూ కూర్చున్నాను. గుడ్ మార్నింగ్ ఫొటోలన్నీ డిలీట్ చేశాక హెల్త్ యాప్ కనిపించింది. ఏడాది క్రితం నేను కొత్త వాచ్ కొన్నప్పుడు, అడుగులు లెక్కపెట్టుకుంటారు కదా అని పాతది ఆయనకి ఇచ్చాను. యాప్ తెరిచి చూస్తే రెండు వారాల్లో మూడు అలర్ట్‌లు ఉన్నాయి. మూడింటిదీ ఒకటే మాట: గుండె లయ సక్రమంగా లేదు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావొచ్చు, డాక్టర్‌ని కలవండి.

"నాన్నా, ఇవి చూశావా?"

"ఏదో అప్‌డేట్ అడుగుతుందనుకున్న రా. పక్కకి జరిపేసిన."

నిజం చెప్పాలంటే నాకూ మొదట వచ్చిన ఆలోచన బగ్ అయ్యుంటుందనే. పాత వాచ్, లూజుగా ఉన్న స్ట్రాప్, సెన్సర్ మీద గీతలు. ఆఫీసులో రోజూ ఫాల్స్ అలారంలు మూసేసే అలవాటు కదా. కానీ నాన్నకి 62 ఏళ్లు. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. ఈమధ్య మేడ మెట్లెక్కితే ఆయాసం వస్తోందని అమ్మ రెండుసార్లు చెప్పింది. దాంతో పండగ అయిన మర్నాడే కార్డియాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఇన్నాళ్లూ వాచ్ రివ్యూల్లో "ఈసీజీ ఉంది, ఏఫిబ్ డిటెక్షన్ ఉంది" అని ఒక్క లైన్ రాసి బ్యాటరీ సెక్షన్‌కి వెళ్లిపోయేవాడిని. ఆ ఒక్క లైన్ వెనక ఏముందో అప్పుడు తెలిసింది. ఈ ఆర్టికల్ దాని గురించే.

పై గదుల్లో ఏం జరుగుతుంది?

టెన్త్ బయాలజీ ఒకసారి గుర్తు చేసుకుందాం. గుండెలో నాలుగు గదులు. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. శరీరం నుంచి, ఊపిరితిత్తుల నుంచి వచ్చిన రక్తం ముందు కర్ణికల్లోకి వస్తుంది. అవి కిందికి నెడితే జఠరికలు బలంగా పంప్ చేస్తాయి. ఈ టైమింగ్ అంతా కుడి కర్ణికలో ఉండే చిన్న కణజాలం చూసుకుంటుంది. మన భాషలో అది సిస్టమ్ క్లాక్. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు సిగ్నల్ ఇస్తుంది.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్, క్లుప్తంగా ఏఫిబ్, వస్తే ఈ క్లాక్ మాట ఎవరూ వినరు. కర్ణికల గోడలో ఎక్కడెక్కడి నుంచో సిగ్నల్స్ పుడతాయి. నిమిషానికి 350 నుంచి 600 దాకా. అంత వేగానికి కర్ణిక ముడుచుకోలేదు, ఊరికే వణుకుతుంది. అదృష్టం కొద్దీ పై గదులకీ కింది గదులకీ మధ్య ఏవీ నోడ్ అనే గేట్ ఉంది. అది రేట్ లిమిటర్‌లా పనిచేసి కొన్ని సిగ్నల్స్‌నే కిందికి వదులుతుంది. అందుకే మనిషి పడిపోడు. కానీ ఆ వదిలేది ఒక వరుసలో ఉండదు కాబట్టి నాడి అస్తవ్యస్తంగా కొట్టుకుంటుంది. కొందరికి గుండె దడ, ఆయాసం, నీరసం తెలుస్తాయి. చాలామందికి ఏమీ తెలియదు.

అసలు ప్రమాదం దడ కాదు. ఎడమ కర్ణికకి బొటనవేలంత చిన్న సంచి ఒకటి అతుక్కుని ఉంటుంది. గది వణుకుతున్నప్పుడు ఆ సంచిలో రక్తం కదలకుండా నిలిచి గడ్డకడుతుంది. గుండె కవాటాల జబ్బు లేని ఏఫిబ్‌లో, ఎడమ కర్ణికలో దొరికే గడ్డల్లో దాదాపు 90 శాతం ఆ సంచిలోనే ఉంటాయి. అందులో ముక్క ఒకటి ఊడి మెదడుకి వెళ్తే పక్షవాతం. ఏఫిబ్ ఉన్నవాళ్లకి పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు ఎక్కువని అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం 1991లోనే చూపించింది.

వాచ్ దీన్ని ఎలా పట్టుకుంటుంది?

రెండు వేర్వేరు టెక్నాలజీలు ఉన్నాయి. చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు.

మొదటిది పీపీజీ, వాచ్ వెనక వెలిగే ఆకుపచ్చ లైట్. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. ప్రతి బీట్‌కీ మణికట్టులోకి వచ్చే రక్తం పెరిగి తగ్గుతుంటే, తిరిగొచ్చే కాంతి కూడా మారుతుంది. బీట్‌కీ బీట్‌కీ మధ్య గ్యాప్ ఎంతో వాచ్ దాన్నిబట్టి లెక్కిస్తుంది. మీరు కదలకుండా ఉన్నప్పుడు బ్యాక్‌గ్రౌండ్‌లో చెక్ చేసుకుంటూ, గ్యాప్‌లు పదే పదే గజిబిజిగా ఉంటేనే అలర్ట్ ఇస్తుంది. ఒక్క గజిబిజి రీడింగ్‌కే అలర్ట్ రాదు.

రెండోది ఈసీజీ. ఇది మీరు చేయాల్సిన పని. వాచ్ వెనక ఒక ఎలక్ట్రోడ్, బటన్ దగ్గరో అంచు దగ్గరో ఇంకొకటి. రెండో చేతి వేలు 30 సెకన్లు పెడితే గుండె విద్యుత్ సిగ్నల్ గ్రాఫ్ వస్తుంది. హాస్పిటల్ ఈసీజీలో 12 లీడ్స్ ఉంటాయి. వాచ్‌లో వచ్చేది అందులో మొదటి లీడ్‌తో పోల్చదగ్గ ఒకే ఒక్క కోణం. అంటే 12 కెమెరాల సెటప్‌లో ఒక్క కెమెరా. ఏఫిబ్ చూడ్డానికి అది పనికొస్తుంది గానీ హార్ట్ ఎటాక్ పట్టుకోడానికి కాదు. ఛాతీ నొప్పి వస్తే వాచ్ ఏం చూపించినా పట్టించుకోకుండా హాస్పిటల్‌కి వెళ్లాలి.

విలియం ఐంట్‌హోవన్ 1900ల మొదట్లో తయారుచేసిన తొలి ఈసీజీ మెషిన్ బరువు వందల కిలోలు. పేషెంట్ రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ల పాత్రల్లో ముంచి కూర్చోవాలి. ఆ పనికి ఆయనకి 1924లో నోబెల్ వచ్చింది. 2018లో ఆపిల్ వాచ్ సిరీస్ 4 ఈసీజీకి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చేసరికి అది మణికట్టు మీదికి చేరింది. హార్డ్‌వేర్ పరంగా చూస్తే అద్భుతమే.

అలర్ట్‌ని ఎంత నమ్మాలి?

దీనికి మంచి డేటా ఉంది. స్టాన్‌ఫర్డ్ చేసిన ఆపిల్ హార్ట్ స్టడీ 2019లో వచ్చింది. 4,19,297 మంది పాల్గొన్నారు. అలర్ట్ వచ్చింది 0.52 శాతం మందికే. వాళ్లకి ఛాతీకి అంటించే ఈసీజీ ప్యాచ్ పంపారు. తిరిగొచ్చిన ప్యాచ్‌లలో 450 పరిశీలిస్తే ఏఫిబ్ దొరికింది 34 శాతం మందిలో.

ఈ 34 చూసి "మూడింట రెండొంతులు తప్పుడు అలర్ట్‌లా?" అనిపిస్తుంది. నేనూ అలాగే చదివాను. కానీ ఏఫిబ్ మొదట్లో వచ్చి పోతుంటుంది. ప్యాచ్ అలర్ట్ వచ్చిన రోజుల తర్వాత అంటించారు కాబట్టి, ఆ వారంలో రాకపోతే దొరకదు. వెళ్లి వెళ్లి వచ్చే బగ్‌ని మళ్లీ రిప్రొడ్యూస్ చేయలేకపోతే బగ్ లేదని కాదు కదా. ప్యాచ్, వాచ్ రెండూ ఒకేసారి ఉన్నప్పుడు వచ్చిన అలర్ట్‌లను తీసుకుంటే 84 శాతం సందర్భాల్లో ప్యాచ్‌లో కూడా ఏఫిబ్ కనిపించింది. 4,55,699 మందితో చేసిన ఫిట్‌బిట్ హార్ట్ స్టడీలో ఇదే లెక్క 98.2 శాతం వచ్చింది.

ఇక వయసు సంగతి. ఏఫిబ్ యువతలో చాలా అరుదు. ఊహకి ఒక లెక్క వేసుకుందాం. 1,000 మంది కుర్రాళ్లలో నిజంగా ఏఫిబ్ ఉన్నది ఒక్కడికే అనుకోండి. అల్గారిథమ్ ఆరోగ్యవంతుల్లో 98 శాతం మందిని సరిగ్గా గుర్తిస్తుంది అనుకుందాం. మిగతా 2 శాతం అంటే దాదాపు 20 తప్పుడు అలర్ట్‌లు, ఒక నిజమైనదానికి. అదే వాచ్‌ని ఏఫిబ్ ఎక్కువగా ఉండే 65 దాటినవాళ్ల చేతికి పెడితే అలర్ట్ విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాబట్టి ఈ ఫీచర్ అసలు యూజర్ మీరు కాదు, మీ ఇంట్లో పెద్దవాళ్లు.

హాస్పిటల్ ఈసీజీ నార్మల్. మరి?

నాన్నకి హాస్పిటల్‌లో 12 లీడ్స్ ఈసీజీ తీశారు. లయ పూర్తిగా నార్మల్. "చూసినవా, ఏం లేదన్న కదా" అన్నట్టు నాన్న నావైపు చూశారు. నేను కూడా లోపల్లోపల వాచ్‌ని ఫాల్స్ పాజిటివ్ లిస్ట్‌లో వేసేశాను.

డాక్టర్ గారు మాత్రం వాచ్ అలర్ట్‌ల టైమ్ చూసి, ఎకో తీయించారు. ఎడమ కర్ణిక 46 మిల్లీమీటర్లు ఉంది. మగవాళ్లలో 40 దాకా మామూలు. 48 గంటల హోల్టర్ పెడితే రెండో రాత్రి మూడింటికి 40 నిమిషాల ఏఫిబ్ దొరికింది. నాన్న ఆ టైమ్‌లో నిద్రపోతున్నారు.

అప్పుడు డాక్టర్ గారు చెప్పిన మాట ఈ ఆర్టికల్‌కి మూలం. "మీ వాచ్ చూసింది లయని. జబ్బు లయలో మొదలవలేదు, ఆ గదిలో మొదలైంది."

లయ అనేది లాగ్ ఫైల్, జబ్బు గోడలో ఉంది

ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే ఎడమ కర్ణిక మీద ఒత్తిడి పడి సాగుతుంది. సాగిన గోడలో కండరం మధ్య మచ్చలాంటి పీచు కణజాలం చేరుతుంది. కరెంట్ సిగ్నల్ దాన్ని తప్పించుకుంటూ వంకరటింకరగా వెళ్లి చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. వయసు, షుగర్, ఊబకాయం, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, మద్యం, కవాటాల జబ్బులు కూడా ఇదే పని చేస్తాయి. ఇలా కర్ణిక నిర్మాణంలో, పనితీరులో, విద్యుత్‌లో వచ్చే మార్పులన్నింటినీ కలిపి ఏట్రియల్ కార్డియోమయోపతి అంటారు. దీనికి ఒక నిర్వచనం ఇస్తూ యూరప్, అమెరికా, ఆసియా పసిఫిక్, లాటిన్ అమెరికా గుండె లయ నిపుణుల సంఘాలు కలిసి 2016లో ఒక పత్రం విడుదల చేశాయి.

ఏఫిబ్ కూడా తిరిగి గదిని పాడుచేస్తుంది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 1995లో మేకల మీద చేసిన ప్రయోగంలో, కర్ణికల్లో ఏఫిబ్‌ని పదే పదే తెప్పిస్తూ పోతే మొదట కొన్ని సెకన్లలో ఆగిపోయేది రానురాను ఆగకుండా నిలిచిపోయింది. పాడైన గది ఏఫిబ్‌ని తెస్తుంది, ఏఫిబ్ గదిని ఇంకా పాడుచేస్తుంది. మన ఇళ్లలో "ఎప్పుడో ఒకసారి దడ వస్తుందిలే" అని వదిలేయకూడదనేది ఇందుకే.

గది జబ్బు ముఖ్యమని ఇంకో ఆధారం ఉంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లలో గుండె లయ 24 గంటలూ రికార్డవుతుంది. అలాంటి 2,580 మందిని గమనించిన అసర్ట్ అధ్యయనంలో 51 మందికి పక్షవాతమో, ఇంకెక్కడైనా రక్తపు గడ్డ అడ్డుపడటమో జరిగింది. అందులో అంతకు ముందు 30 రోజుల్లో ఏఫిబ్ లాంటి లయ రికార్డయింది నలుగురికే. గడ్డ కట్టడానికి ఆ క్షణంలో లయ తప్పే ఉండాలనే లెక్క అయితే ఇది కుదరదు. లయ నార్మల్‌గా ఉన్నా, సాగిపోయి నెమ్మదించిన గదిలో రక్తం నిలవొచ్చు అనే ఆలోచన ఇక్కడి నుంచే బలపడింది.

అయితే ఏఫిబ్ లేకుండానే, గది పాడైందని తెలియగానే రక్తం పలచబడే మందు ఇచ్చేయొచ్చా? ఆర్కేడియా ట్రయల్ దీన్నే పరీక్షించింది. కారణం తెలియని పక్షవాతం వచ్చి, కర్ణిక జబ్బు గుర్తులుండి, ఏఫిబ్ లేని 1,015 మందిని తీసుకున్నారు. కొందరికి ఎపిక్సబాన్, కొందరికి ఆస్పిరిన్. 2024లో వచ్చిన ఫలితం: రెండు గ్రూపుల్లోనూ మళ్లీ పక్షవాతం ఏడాదికి 4.4 శాతం. తేడా లేదు. కాబట్టి ఎకోలో కర్ణిక పెద్దగా ఉందని రాగానే సొంతంగా మందులు మొదలుపెట్టే పని కాదు.

ఎక్కువ వెతికితే ఎక్కువ లాభం అనేది కూడా అంత సింపుల్ కాదు. డెన్మార్క్‌లో 70 నుంచి 90 ఏళ్ల 6,004 మందితో చేసిన లూప్ స్టడీలో కొందరికి చర్మం కింద రికార్డర్ అమర్చారు. వాళ్లలో 31.8 శాతం మందికి ఏఫిబ్ దొరికింది, మామూలు పద్ధతిలో చూసినవాళ్లలో 12.2 శాతం. కానీ పక్షవాతాల్లో వచ్చిన తేడా గణాంకాల ప్రకారం నిలబడేంత కాలేదు. దొరికిన ప్రతి చిన్న ఎపిసోడ్‌కీ ఒకే ప్రమాదం ఉండదు. అందుకే డాక్టర్లు ఎపిసోడ్ ఎంతసేపు అన్నదాంతో పాటు వయసు, బీపీ, షుగర్, గుండె బలహీనత, పాత పక్షవాతం ఇవన్నీ కలిపి స్కోర్ వేస్తారు. నాన్నకి బీపీకి ఒకటి, షుగర్‌కి ఒకటి, మొత్తం 2 వచ్చింది. అందుకే రక్తం పలచబడే మందు మొదలుపెట్టారు.

"ఆస్పిరిన్ వేసుకుంటే సరిపోదా డాక్టర్ గారూ? అదైతే చవక కదా" అని నాన్న అడిగారు. చాలా ఇళ్లలో వచ్చే ప్రశ్నే. సరిపోదు. వార్ఫరిన్ పడని ఏఫిబ్ పేషెంట్లలో 2011లో వచ్చిన ఎవరోస్ ట్రయల్‌లో ఆస్పిరిన్ తీసుకున్నవాళ్లకి పక్షవాతం, గడ్డలు ఏడాదికి 3.7 శాతం. ఎపిక్సబాన్ తీసుకున్నవాళ్లకి 1.6 శాతం.

మన దేశంలో ఇంకో కోణం కూడా ఉంది. చిన్నప్పటి గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం ఇరుకైపోయి ఎడమ కర్ణిక బాగా ఉబ్బే కేసులు ఇప్పటికీ ఉన్నాయి, అదీ చిన్న వయసులోనే. వీళ్లకి కొత్త మందుల కంటే వార్ఫరిన్ తరహా పాత మందులే మేలని 2022లో వచ్చిన ఇన్విక్టస్ ట్రయల్ తేల్చింది. ఒకరి ప్రిస్క్రిప్షన్ ఇంకొకరికి వాడకూడదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అలర్ట్ వస్తే ఏం చేయాలి?

1. కంగారు పడొద్దు, స్వైప్ చేసి తీసేయొద్దు. ఐదు నిమిషాలు కూర్చుని, చెయ్యి బల్ల మీద ఆనించి 30 సెకన్ల ఈసీజీ తీయండి. పీడీఎఫ్‌గా సేవ్ చేయండి.
2. టైమ్, అప్పుడు ఏం చేస్తున్నారు, దడ గానీ ఆయాసం గానీ ఉందా అన్నది నోట్ చేయండి. డాక్టర్‌కి స్క్రీన్‌షాట్ కంటే ఇది ఎక్కువ ఉపయోగం.
3. ఫలితం "ఇన్‌కన్‌క్లూజివ్" అని వస్తే అది ఏఫిబ్ కాదు, నార్మల్ కూడా కాదు. స్ట్రాప్ బిగించి మళ్లీ తీయండి.
4. హాస్పిటల్ ఈసీజీ నార్మల్ వచ్చినా అక్కడితో ఆపొద్దు. హోల్టర్, ఎకో అవసరమా అని అడగండి. థైరాయిడ్ పరీక్ష కూడా మామూలుగా చేస్తారు.
5. మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే యాప్ తెరవొద్దు. 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే టైమ్.

ఇంకో మాట. చాలా వాచ్‌లలో ఈ అలర్ట్ దానంతట అది ఆన్‌లో ఉండదు, సెట్టింగ్స్‌లో ఆన్ చేయాలి. రూ.2,000 వాచ్‌లో హార్ట్ రేట్ కనిపిస్తోంది కదా అని ఏఫిబ్ కూడా చూస్తుందనుకోకండి. స్పెక్ షీట్‌లో ఆ ఫీచర్ పేరు, దానికి అనుమతి ఉన్న సంగతి స్పష్టంగా ఉండాలి.

వర్డిక్ట్

ప్లస్: నిద్రలో వచ్చి పోయే లయ తేడాని ఏ క్లినిక్ కూడా ఇంత తేలిగ్గా పట్టుకోలేదు. మైనస్: గది ఎంత సాగింది, గోడలో మచ్చ ఎంత, సంచిలో రక్తం కదులుతోందా అనేవి ఏ వాచ్‌కీ కనిపించవు. అందుకే "ఏఫిబ్ గుర్తులు లేవు" అనే మెసేజ్ క్లీన్ చిట్ కాదు. బీపీ, షుగర్, బరువు అదుపులో పెట్టడమే ఆ గదికి అసలు మెయింటెనెన్స్. ఆస్ట్రేలియాలో చేసిన లెగసీ అధ్యయనంలో ఏఫిబ్ ఉండి 10 శాతం బరువు తగ్గి నిలబెట్టుకున్నవాళ్లలో లయ సరిగ్గా నిలిచే అవకాశం సుమారు 6 రెట్లు కనిపించింది.

నాన్న ఇప్పుడు మందు టైమ్‌కి వేసుకుంటున్నారు, రోజూ పొద్దున్నే నడుస్తున్నారు. వాచ్‌లో ఏదైనా మెసేజ్ వస్తే చాలు, స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపుతున్నారు. నిన్న రాత్రి పదకొండింటికి కూడా ఒకటి వచ్చింది. భయపడుతూ తెరిచాను. ఈసారి మాత్రం నిజంగానే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్.